తిరగేసి చూసినామె

పైడిపల్లి దాటినంక నూటయాభై గజాల జాగ.
సున్నం పూసిన రాయి మీద నలభై ఏడు.
యాభై వేలు బయానా ఇచ్చినంక
ఆ నంబరును ఇంట్ల అందరం
పుట్టబోయే బిడ్డ పేరు లెక్క పలికినం.

"వేరే వకీలెందుకే నరహరన్నా, మన వకీలున్నడు గద,
ఫీజు గూడ నాదే" అన్నడు బ్రోకర్ సారంగపాణి.
ఆ వకీలు హన్మకొండల, ఏసీ గదిల
కాయితాల కట్టను తూకమేసినట్టు ఎత్తి చూసి
"క్లియర్" అన్నడు.
నా చాయ్ ఇంక సల్లారనే లేదు.

నేను కొత్తవాడల జంపఖానాలు నేసేటోణ్ణి.
రంగులు చూసి బేరమాడేటోళ్లు బొచ్చెడు మంది వస్తరు.
ఎప్పుడో ఒకరు వస్తరు,
తిరగేసి, ముళ్ల మీద గోరు పెట్టి గీరి చూస్తరు.
అట్లాంటి మనిషి వస్తే మా నాయిన
మగ్గం గుంతల నుంచి లేచి నిలబడేటోడు.

కోర్టు గేటు పక్కన జిరాక్స్ షాపు,
దాని మీద రేకుల గది, ఇనుప మెట్లు.
కందగట్ల అనసూయ, అడ్వకేట్,
బోర్డు మీద ఒక అక్షరం ఊడిపోయింది.
డెబ్బై ఎనిమిది నాటి దస్తావేజు చేతికిస్తే
ఆమె చదవలే.
ముందుగాల తిరగేసింది.
స్టాంపులమ్మినోని సంతకం, తేదీ,
వెలిసిపోయిన నీలిసిరా వేలిముద్రలు,
వాటి మీద మెల్లగ గోరు జరిపింది.
నేను కుర్చీల నుంచి లేచి నిలబడ్డ.
ఎందుకు లేచిన్నో ఆమెకు తెల్వది.

"ఫీజెంతమ్మా?"
"నాలుగు వేలు. జాగ మంచిదైనా నాలుగు వేలే,
కాకున్నా నాలుగు వేలే."

పన్నెండు రోజులు.
ఈసీలు, పాత పహాణీలు, చెదలు తిన్న విరాసత్ ఫైలు నకలు.
అన్నీ నేల మీద పరిచి
మోకాళ్ల మీద కూసొని చదివింది.
"తండ్రి చచ్చిపోయిన్నాడు వారసులు ముగ్గురు.
అమ్మిన కాయితం మీద ఇద్దరే.
ఈ బుచ్చమ్మ ఎవరు?"

పడుగుల ఒక్క పోగు.
దాని మీదికెల్లి నలభై ఆరేండ్లు నేసుకుంట వచ్చిండ్రు,
ప్లాట్లు, రోడ్లు, పార్కు అని రాసిన ఖాళీ జాగ.

సారంగపాణి నవ్విండు.
"ముసల్ది రేగొండ కాడుంటది. నువ్వే పో.
వేలిముద్ర తెస్తే చాలు, చేతిల రెండు వేలు పెట్టు."
స్టాంపు కాయితం, ఇంకు డబ్బీ
నా సంచిల ఆయనే పెట్టిండు.

వాకిట్ల కూసొని మిరపకాయల తొడిమెలు తీస్తున్నది.
చెప్పిన. మూడుసార్లు చెప్పించుకున్నది.
"ఆ చెలకల నా పేరున్నదా?
ఎప్పుడో పోయిందన్నరు మా అన్నలు."
చెలక నడుమ సొర్రకాయ బాయి ఉన్నదా, నీళ్లు తియ్యగుండేటియి, అన్నది.
బాయి కనబడలేదమ్మా, నంబర్లున్నయి, అన్న.
"నీదెంత నంబరు?"
నలభై ఏడు.
"పాపం, అప్పు తెచ్చి కొంటున్నవా?
ఏడ పెట్టాల్నో చెప్పు బిడ్డా" అని
చెయ్యి కొంగుకు తుడుసుకొని బొటనవేలు చాపింది.
మిరప ఎరుపు గోటి సందుల ఇంకా ఉన్నది.

డబ్బీ మూత సగం తీసిన.
అబద్ధమెందుకు, తీసిన.

మళ్ల మూసి
అనసూయమ్మ కార్డు ఇచ్చిన.
"దీని వెనుక ఫోన్ నంబరున్నది,
నీ మనవడితోని చెయ్యించు.
ఎవరొచ్చి అడిగినా వేలు ముద్ర పెట్టకు,
నేనొచ్చి అడిగినా సరే."

ఇరవై అయిదు వేలు తిరిగొచ్చినయి.
మిగిలినయి శ్రావణం పోయినంక ఇస్తనన్నడు సారంగపాణి.
ఏ శ్రావణమో చెప్పలే.
మా ఆమె వారం దినాలు మాట్లాడలే,
తర్వాత ఒకనాడు రాత్రి అన్నది:
ఆ ముసలామె పేరేందన్నవ్?

మొన్న అటుదిక్కు పోతే
నలభై ఏడు రాయి పడిపోయి ఉన్నది.
ఎత్తి తిప్పి చూసిన.
సున్నం ఒక్క దిక్కే పూసిండ్రు.